పేరు రాయించుకోవాలంటే భయపడిన రోజులు



రెవెన్యూ శాఖలో ముప్పై అయిదేళ్ళు గుమాస్తాగిరీ చేసిన నాకు చరిత్ర వ్యాసం రాసే అర్హత ఉందని నేననుకోను. ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి రాయమని సంఘం పెద్దలు పట్టుబట్టినప్పుడు, నాకు తెలిసిన విద్య ఏమిటా అని ఆలోచించాను. తేలింది ఒక్కటే, పేర్లు రాయడం. పహాణీలో పేర్లు, రేషన్ కార్డులో పేర్లు, జనాభా లెక్కల్లో పేర్లు, అన్నిటికన్నా ఎక్కువగా ఓటర్ల జాబితాలో పేర్లు. 1973లో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరి 2008లో రిటైరయ్యేదాకా కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో నా చేతిమీదుగా ఎన్ని వేల పేర్లు పోయాయో లెక్క లేదు. మా బాపు కూడా ఒకప్పుడు ఆ పనే చేశాడు. కనుక ఇది రెండు తరాల గుమాస్తాల కథ అనుకోండి.

ఈ రోజుల్లో ఓటరు లిస్టులో పేరు లేకపోతే మనం కొట్లాటకు పోతాం. ఫారం 6 ఎక్కడ దొరుకుతుంది, ఎవరికి ఇవ్వాలి అని అడుగుతాం. మన జిల్లాల్లో ఒక కాలముండేది, పుస్తకం చంకన పెట్టుకొని పేరు రాసుకునే మనిషి వాడకట్టులో కాలు పెడితే జనం తలుపులు వేసుకునేవాళ్ళు. ఆ భయం అజ్ఞానం వల్ల వచ్చిందని ఆఫీసుల్లో అనుకునేవాళ్ళం. నేను కూడా చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. అది తప్పని తెలిసిరావడానికి నాకు సర్వీసులో సగకాలం పట్టింది.

నిజాం కాలంలో రైతు పేరు ఎక్కడెక్కడ రాయబడేదో చూడండి. లెవీ లిస్టులో రాయబడేది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంత పంట పండితే ఇంత ధాన్యం సర్కారుకు కొలవాలని లెవీ పెట్టారు. దొర పొలం లెక్కకు రాదు, చిన్న రైతు గాదె మాత్రం అడుగంటా ఊడ్చేవారు. వెట్టికి ఎవరి వంతు ఏ రోజన్నది పటేల్ నోటి లెక్క. అప్పు పత్రాల్లో వేలిముద్ర పడితే మూడు తరాలు బందీ. పేరు రాయించుకున్నందుకు మేలు జరిగిన సందర్భం మామూలు మనిషికి ఒక్కటీ గుర్తులేదు. ఇక ఓటంటారా, 1946లో నిజాం ప్రభుత్వం రాజ్యాంగ సంస్కరణలని చెప్పి శాసనసభకు ఎన్నికలు పెట్టింది గాని, అది వృత్తి వర్గాల లెక్కన పంచిన ఓటు, అందరికీ లేదు. స్టేట్ కాంగ్రెస్ దాన్ని బహిష్కరించింది. మా ఊళ్ళో ఆ ఎన్నిక జరిగిన సంగతే ఎవరికీ తెలియదని బాపు చెప్పేవాడు.

జాబితా మీద జనానికి ఎంత కసి ఉండేదో మన జిల్లా చరిత్రలోనే ఉంది. అనభేరి ప్రభాకర్ రావు దళం ఊరూరా తిరిగి పటేల్ పట్వారీల దగ్గరి రికార్డులు, అప్పు కాగితాలు బయటవేసి తగలబెట్టించింది. 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గర మహ్మదాపూర్ గుట్టల్లో నిజాం పోలీసుల కాల్పుల్లో ఆయన, ఆయన సహచరులు చనిపోయారు. రికార్డు రూములో పనిచేసినవాడిగా, కాగితం కాలిపోయిందంటే నాకు కడుపులో ఎట్లాగో ఉంటుంది. అయినా ఆ కాగితాల్లో ఏముందో తెలిసినవాళ్ళే వాటిని కాల్చారన్నది మరచిపోకూడదు.

ఇలాంటిదే మరొకటి పుస్తకాల్లో చదివాను. హాలెండు దేశాన్ని 1940లో హిట్లర్ సైన్యం ఆక్రమించింది. ఆ దేశంలో జనాభా రిజిస్టర్లు మహా చక్కగా ఉండేవట. ఎవరు ఏ వీధిలో ఉన్నారు, ఏ మతం, తల్లిదండ్రులెవరు, అన్నీ కార్డుల మీద ఉండేవి. యుద్ధానికి ముందు ఆ గుమాస్తాలను అందరూ మెచ్చుకొని ఉంటారు. 1941 జనవరిలో యూదులంతా పేర్లు నమోదు చేసుకోవాలని ఆక్రమణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. చట్టానికి లోబడే అలవాటున్న జనం, దాదాపు అందరూ పోయి నమోదు చేసుకున్నారు. సుమారు 1,40,000 మందిలో లక్షకు పైగా మరణ శిబిరాల్లో చనిపోయారు. 1943 మార్చి 27 రాత్రి ఆమ్‌స్టర్‌డామ్‌లో కొందరు పోలీసు దుస్తులు వేసుకొని జనాభా రిజిస్టరు కార్యాలయంలోకి పోయి నిప్పుపెట్టారు. వారిలో 12 మందిని కాల్చి చంపారు. కార్డులు కొంత మేరకే కాలాయి. కార్డులు రాసిన గుమాస్తాకు దురుద్దేశం ఏమీ లేదు. ఆయన రాసినప్పుడు బీరువా తాళం చెవి ఒకరి చేతిలో ఉంది, తరవాత ఇంకొకరి చేతిలోకి పోయింది.

ఇప్పుడు మన సంగతికి వస్తాను.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం లొంగుబాటు ప్రకటన చేశాడు, 18న మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి ముందు నిజాం సేనాపతి ఎల్ ఎడ్రూస్ లొంగిపోయాడు. దీన్ని విమోచన అనాలా, విలీనం అనాలా, ఆక్రమణ అనాలా అని ప్రతి సెప్టెంబరు 17న మన పెన్షనర్ల భవనంలో కూడా గొంతులు లేస్తాయి. ఆనాడు నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది, సెప్టెంబరు 16న అక్కడ అది చర్చకు వచ్చింది, లొంగుబాటు తరవాత నిజామే దాన్ని వెనక్కి తీసుకున్నాడు. నా మటుకు నాకు దాన్ని పరాయి ఆక్రమణ అనడానికి నోరు రాదు. రజాకార్ల రాత్రులు చూసిన మా అవ్వ, ఆ ఫౌజు వచ్చిన రోజున కడుపునిండా నిద్రపోయానని చెప్పేది. అయితే ఆ తరవాత పదిహేను నెలలు, 1949 డిసెంబరు దాకా, ఇక్కడ ఉన్నది సైనిక ప్రభుత్వం. కలెక్టర్ల స్థానంలో మద్రాసు, బొంబాయి, మధ్యప్రాంతాల నుంచి తెచ్చిన సివిల్ అడ్మినిస్ట్రేటర్లు కూర్చున్నారు. చాలామందికి మన ఉర్దూ రికార్డు చదవరాదు, మన యాస అర్థం కాదు. ఊళ్ళో మనిషికి కనిపించింది జీపు, తుపాకి, దుబాసీ.

ఆ జీపు వెనక కూడా జాబితాలున్నాయి. రజాకార్లలో చేరినవారెవరు, వారికి సాయపడినవారెవరు అని ఒకటి. కమ్యూనిస్టులెవరు, వారికి అన్నం పెట్టినవారెవరు అని ఇంకొకటి. మొదటి జాబితా పేరుతో నేరం చేయని ముస్లింలు ఎందరో బలైపోయారు. పండిట్ సుందర్‌లాల్ కమిటీ సంస్థానంలో తిరిగి, తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని అంచనా వేసింది. ఎక్కువ దారుణం జరిగింది ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. ఆ నివేదిక చాలా దశాబ్దాలు వెలుగు చూడలేదు. రెండో జాబితా పేరుతో తెలంగాణ పల్లెల్లో యువకులను వరుసకట్టి నిలబెట్టేవారు. వరంగల్ అడవుల్లో కోయగూడేలను ఖాళీ చేయించి జనాన్ని ఒక్కచోట క్యాంపుల్లో పెట్టిన సంగతి పుచ్చలపల్లి సుందరయ్య గారు రాశారు.

సరిగ్గా ఈ వాతావరణంలో మూడో జాబితా వచ్చింది. అదే ఓటర్ల జాబితా.

1949 నవంబరు 23న నిజాం ఫర్మానా ఇచ్చి భారత రాజ్యాంగాన్ని అంగీకరించాడు, సంస్థాన ప్రజల రాజ్యాంగ సభ ఆమోదానికి లోబడి అని అందులో ఉంది. ఆ సభ కోసం ఓటర్ల జాబితాలన్నారు. చివరకు ఆ సభ కూడనే లేదు, దేశమంతటితో పాటు సాధారణ ఎన్నికలకే జాబితా పనికివచ్చింది. 1950 నుంచి వెల్లోడి గారి పౌర ప్రభుత్వం ఉన్నా, పల్లెల్లో సాయుధ పోలీసు క్యాంపులు అట్లాగే ఉన్నాయి. ఇరవై ఒక్క ఏళ్ళు నిండిన ప్రతి మనిషికీ, ఆడా మగా, ఓటు. (పద్దెనిమిది అయింది 1989లో.) ఆస్తి అడగలేదు, చదువు అడగలేదు. తరతరాలుగా మనిషి లెక్కలోకి రానివాడి గుడిసె ముందు సర్కారు నిలబడి, నీ పేరేమిటని మర్యాదగా అడగడం అదే మొదటిసారి. వాడు నమ్మలేకపోవడంలో ఆశ్చర్యమేముంది?

మా బాపు అప్పుడు సిరిసిల్ల తాలూకాలో మానేరు ఒడ్డునున్న మా ఊరి పట్వారి దగ్గర గుమాస్తా. పట్వారి గారు మాల మాదిగ వాడలకు పోనన్నారు, గడి గేటు దగ్గర కూర్చొని జాబితా రాసేద్దామన్నారు. బాపుకు ఇరవై ఆరేళ్ళు, కాళ్ళల్లో బలముంది, పుస్తకం తీసుకొని తిరిగాడు. నేను పుట్టిన ఏడు అది.

వయసు రాయడమే ఒక ప్రహసనం. పుట్టిన తేదీ ఎవరికి తెలుసు? మూసీకి తుగ్యానీ వచ్చిన ఏడు పుట్టిన అంటే 1908. ఆరో నిజాం పోయిన ఏడు అంటే 1911. గత్తర వచ్చిన ఏడంటే ఏ గత్తరని మళ్ళీ అడగాలి. ఆడవాళ్ళ దగ్గర ఇంకో చిక్కు. మొగుని పేరు నోటితో చెప్పరాదు. "ఏడుకొండలాయన పేరే పంతులూ" అంటే వెంకటయ్య అని రాయాలి, "ఎలుక మీద తిరిగేటాయన" అంటే గణపతి. పక్కింటి పిల్లను పిలిచి చెప్పించేవారు. మన దగ్గర ఇది నవ్వులాటగా పోయింది. ఉత్తరాదిన మాత్రం ఫలానావాని భార్య, ఫలానావాని కూతురు అని మాత్రమే రాయించడంతో, సొంత పేరు లేని సుమారు 28 లక్షల మంది స్త్రీలను తొలి జాబితా నుంచి తీసేయవలసి వచ్చిందని అప్పటి ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ నివేదికలో ఉంది.

నవ్వులాట కానివి రెండు ఇళ్ళున్నాయి. బాపు వాటి గురించి చివరిదాకా చెప్పేవాడు.

ఒకటి, పాత అమీన్ గారి ఇల్లు. ఊళ్ళో ఎవరినీ ఒక్క మాట అనని మనిషి. పోలీసు చర్య అయిన వారానికే కుటుంబమంతా బండి కట్టుకొని పట్నం వెళ్ళిపోయారు. ఇంటికి తాళం. ఓటరు కావాలంటే ఆ నియోజకవర్గంలో 180 రోజులు నివాసముండాలని చట్టం. దేశ విభజనతో కాందిశీకులై వచ్చినవారికి, ఇక్కడే స్థిరపడతామని ఒక్క ప్రకటన చేస్తే పేరు రాసే వెసులుబాటు ఇచ్చారు. ప్రాణభయంతో ఉన్న ఊరినే వదిలి అదే సంస్థానంలో ఇంకోచోట తలదాచుకున్నవాని సంగతి మా ఊళ్ళో ఎవరూ అడగలేదు. ఆ ఇంటి నంబరు ఎదుట బాపు గీత గీశాడు. నాలుగేళ్ళ తరవాత వాళ్ళు తిరిగివచ్చారు. "మా పేర్లు ఎవరు కొట్టేసినరు?" అని అడిగితే, కొట్టేయలేదు, అసలు రాయనే లేదని చెప్పడానికి తనకు నోరు రాలేదన్నాడు బాపు.

రెండోది ఒక గౌండ్ల ముసలమ్మ ఇల్లు. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఎదురుగా ఉన్నాడు. చిన్నవాడు దళంలో పోయాడని ఊరందరికీ తెలుసు, సర్కారుకు ఇంకా తెలియదు. బాపు పెద్దవాని పేరు రాసి, "ఇంకెవరున్నరు?" అన్నాడు. ఆమె చాలాసేపు పలకలేదట. తరవాత అన్నది: "పంతులూ, రాస్తే వాడేడని క్యాంపోళ్ళు అడుగుతరు. రాయకపోతే వాడు లేడనేనాయె. కన్నతల్లిని, నా కొడుకు లేడని నా నోటితోని ఎట్ల చెప్పుదు?"

బాపు కలం పట్టుకొని నిలబడిపోయాడు. జాబితా అచ్చయితే గోడకు అంటిస్తారు, ఎవరైనా చదవవచ్చు. క్యాంపు సుబేదారు కూడా చదువుతాడు. ఇంట్లో ఇద్దరు కొడుకులని కాగితం మీద ఉండి, కళ్ళముందు ఒక్కడే ఉంటే ముసలమ్మ గతి ఏమిటి? బాపు రాయలేదు. "ఇద్దరే ఓటర్లు, తల్లి, పెద్దకొడుకు" అని పూర్తిచేసి లేచివచ్చాడు.

రాయకపోవడం వల్ల జరిగే నష్టం ఎంతటిదో మన రెవెన్యూ మిత్రులకు వేరే చెప్పనక్కరలేదు. అదే కాలంలో 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదార్ల జాబితా కూడా తయారైంది, మనం పి.టి. రిజిస్టరు అనేది. దొరకు భయపడి, దున్నుతున్నది నేనేనని చెప్పనివాని పేరు అందులో ఎక్కలేదు. 1970లలో 38-ఇ సర్టిఫికెట్లు ఇచ్చే వేళకు వాని కొడుకులు తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగి, రిజిస్టరులో పేరు లేదని మా నోట విని తిరిగిపోయారు. అట్లా చెప్పినవారిలో నేనూ ఉన్నాను.

1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించారు. పార్టీ మీద నిషేధం ఉంది గనుక కమ్యూనిస్టులు పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. 1952 ఎన్నికల ఫలితం చూసి ఢిల్లీలో కూడా ఆశ్చర్యపోయారు. నల్లగొండలో రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ గారికన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయి. మన కరీంనగర్ ద్విసభ్య పార్లమెంటు స్థానంలో పి.డి.ఎఫ్. తరఫున బద్దం ఎల్లారెడ్డి గారు, షెడ్యూల్డ్ క్యాస్ట్స్ ఫెడరేషన్ తరఫున ఎం.ఆర్. కృష్ణ గారు గెలిచారు. ఓడినవారిలో తరవాతి కాలంలో ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు గారున్నారు. ఆదిలాబాద్‌లో సోషలిస్టు సి. మాధవరెడ్డి గారు గెలిచారు. ఏ జాబితాకు భయపడి తలుపులు వేసుకున్నారో, అదే జాబితా పట్టుకొని జనం క్యూ కట్టి, అధికారంలో ఉన్నవారికి ఇష్టంలేని పేర్లు గెలిపించారు.

గౌండ్ల ముసలమ్మ చిన్నకొడుకు బతికి తిరిగివచ్చాడు. ఓటింగు రోజున అన్న వెంట బడి దాకా వచ్చాడు. లిస్టులో పేరు లేదు. తను తుపాకి పట్టింది ఇలాంటి రోజు కోసమే, వెనక్కి పొమ్మంటారా అని గొడవపడ్డాడట. బాపు అక్కడే ఉన్నాడు. నేనే రాయలేదు తమ్ముడా అని చెప్పాడు. వాడు ఏమన్నాడని నేను ఎన్నిసార్లు అడిగినా బాపు చెప్పలేదు. ముసలమ్మ మాత్రం ఓటేసి బయటికి వచ్చి, బాపు గడ్డం పట్టుకొని పోయిందని చెప్పేవాడు.

ఈ చిక్కు మన ఒక్కరిది కాదు. పరాయి సైన్యం ఉన్న చోటల్లా ఏదో ఒక రూపంలో వచ్చింది. పాలస్తీనా ఎన్నికలు 1996 జనవరిలో జరిగాయి. 1967 నుంచి ఇజ్రాయెల్ అధీనంలో ఉన్న తూర్పు జెరూసలేంలో అరబ్బులు ఓటు వేయాలంటే పోస్టాఫీసుకు పోయి, ఉత్తరం పోస్టు చేసినట్టు వేయాలన్నారు. ఓటరుగా నమోదైతే జెరూసలేం నివాసపు గుర్తింపు కార్డు, దానితో వచ్చే వైద్యం, భీమా పోతాయేమోనని జనం జంకారు. పోలింగు రోజున పోలీసులు వచ్చేపోయేవారిని వీడియో తీస్తున్నారని పరిశీలకులు రాశారు. ఒక జాబితాలో పేరెక్కితే ఇంకో జాబితాలో పోతుందన్న భయం అన్నమాట.

ఇరాక్ సంగతి రేషన్ డీలర్లతో పనిచేసిన మనవాళ్ళకు బాగా అర్థమవుతుంది. 2003లో అమెరికా సైన్యం వచ్చింది, 2005 జనవరి 30న ఎన్నికలన్నారు. ఓటరు జాబితా ఎక్కడిది? సద్దాం కాలం నాటి రేషన్ కార్డుల జాబితానే తీసుకున్నారు. రేషన్ ఇచ్చే దుకాణాల్లోనే ఓటరు వివరాల కాగితాలు పంచారు. ఓటేయకపోతే రేషన్ ఆగుతుందని ఒక పుకారు. ఆ కాగితాలు పంచితే చంపుతామని సాయుధ దళాల బెదిరింపు. చాలా సున్నీ ప్రాంతాలు దూరంగా ఉండిపోయాయి, దాంతో రాజ్యాంగం రాసే సభలో వారి గొంతు చాలా తక్కువైపోయింది. నమోదైనా ముప్పే, కాకున్నా ముప్పే.

తూర్పు తైమూరు కథ వేరు. 1975లో ఇండోనేషియా సైన్యం ఆక్రమించిన చిన్న ద్వీపభాగం అది. 1999లో స్వాతంత్ర్యమా, ఇండోనేషియాలో స్వయంప్రతిపత్తా అన్నది తేల్చడానికి ఐక్యరాజ్యసమితి ఓటింగు పెట్టింది. శాంతిభద్రతలు మాత్రం ఇండోనేషియా చేతిలోనే ఉంచారు. కత్తులు తుపాకులు పట్టిన ముఠాలు తిరుగుతుండగానే, జులై ఆగస్టుల్లో మూడు వారాల్లో సుమారు నాలుగున్నర లక్షల మంది పేర్లు రాయించుకున్నారు. ఆగస్టు 30న 98 శాతానికి పైగా ఓటేశారు, 78.5 శాతం స్వాతంత్ర్యం కోరారు. ఫలితం వచ్చాక ఊళ్ళు తగలబెట్టారు, వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఓటింగు జరిగిన మూడు వారాలకు గాని అంతర్జాతీయ సైన్యం దిగలేదు. పేర్లు రాయించుకునేటప్పుడే వాళ్ళకు ఈ సంగతి తెలుసు. తెలిసే లైన్లో నిలబడ్డారు. తోడు ఉంటానన్న పెద్దమనిషి చేతిలో లాఠీ కూడా లేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

2022 సెప్టెంబరులో రష్యా ఆక్రమించిన ఉక్రెయిన్ జిల్లాల్లో తుపాకి పట్టిన సైనికులు వెంటరాగా ఇంటింటికీ బ్యాలెట్ పెట్టెలు తెచ్చారు. టీవీలో ఆ దృశ్యం చూస్తుంటే నాకు మా బాపు, ఆ వాడకట్టు గుర్తుకొచ్చాయి.

నా సొంత సర్వీసు సంగతి రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను. 1980 ప్రాంతంలో ఆదిలాబాద్ జిల్లాలో ఓటరు జాబితా సవరణకు గోండు గూడేలకు పోయేవాణ్ణి. కుమ్రం, మడావి, ఆత్రం, సిడాం అనే ఇంటిపేర్లు మావాళ్ళు తలా ఒక తీరుగా రాసేవారు, అదొక పాపం. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పులు జరిగాయి. చనిపోయింది 13 మంది అని సర్కారు లెక్క, అంతకు చాలా ఎక్కువని జనం లెక్క. ఆ తరవాత గూడెం మీదికి పోతే మగవారెవరూ కనిపించేవారు కాదు. ఒక పటేల్ చాయ్ ఇచ్చి మెల్లగా అడిగాడు: "సార్, మీటింగ్‌కు పోయినోళ్ళ పేర్లా, ఓటు పేర్లా?" రెండూ ఒకే పుస్తకంలో రాస్తామని ఆయన అనుమానం.

తరవాత 1995 ప్రాంతంలో గోదావరి ఒడ్డున ఒక మండలాఫీసులో సీనియర్ అసిస్టెంటుగా ఉన్నాను. శేషన్ గారి ఉత్తర్వుతో ఓటరు ఫోటో కార్డుల పని నడుస్తున్నది. నక్సలైట్ల బహిష్కరణ పిలుపు గోడల మీద ఉంది. ఓటేసినవారు వేలిమీది సిరా చుక్క పోవాలని బొప్పాయి పాలు రుద్దుకున్నది నేను కళ్ళారా చూశాను. మన ప్రభుత్వాన్ని పరాయి ఆక్రమణదారుతో పోల్చడం నా ఉద్దేశం కాదు, దాని ఉప్పు తిన్నవాణ్ణి. అయితే రెండు తుపాకుల నడుమ నిలబడ్డవానికి యూనిఫాం రంగుతో పని ఉండదు. కెమెరా ముందు కూర్చోమంటే ఒక తల్లి కొంగు నెత్తిన కప్పుకొని లేచిపోయింది. "నా ఫోటువ తీస్తే పోరని మొకం తెలుస్తది సారూ, ఇద్దరిదీ ఒక్క తీరు మొకమే" అన్నది. జాబితాలో ఆమె పేరు కింద ఇరవై మూడేళ్ళ కొడుకు పేరుంది. ఇంట్లో లేడు.

ఆ ఊరి సవరణకు నేను ఒక చిత్తు నోటుబుక్కు రాసుకున్నాను, ఎవరింట్లో ఎవరు లేరు, ఎంతకాలంగా లేరు అని. వలస పోయినవారి పేర్లకు ఫారం 7 పెట్టడానికి అది కావాలి. వారం తిరగకముందే ఒక స్టేషన్ నుంచి కానిస్టేబులు వచ్చి, ఓటరు లిస్టు కాపీతో పాటు "ఇంట్ల లేని పోరగాండ్ల" వివరం కూడా ఇమ్మని నోటిమాటగా అడిగాడు. లిస్టు అచ్చయిన పత్రం, ఎవరైనా తీసుకోవచ్చు, కాపీ ఇచ్చాను. మిగతాది మా దగ్గర ఉండదని చెప్పాను. ఉండదన్నది అబద్ధం. ఆ సాయంత్రం నోటుబుక్కు ఇంటికి తెచ్చి, నీళ్ళు కాగే పొయ్యిలో పెట్టాను. మా ఇంటావిడ ఏమిటవి అని అడిగింది, పాత లెక్కలన్నాను.

దాంతో ఆ ఊళ్ళో బొంబాయికి, భివండికి బతకపోయినవారి పేర్లు కూడా సవరించకుండా ఉండిపోయాయి. తరవాతి ఎన్నికలో ఆ పేర్లమీద దొంగ ఓట్లు పడ్డాయని పిటీషను వచ్చింది. విచారణలో, ఇంటింటి సర్వే సరిగా చేయలేదని నాకు మెమో ఇచ్చారు. సంజాయిషీగా పని ఒత్తిడి అని రాసిచ్చాను. ఒక ఇంక్రిమెంటు ఆగింది. బాపు అప్పటికి బతికే ఉన్నాడు. సంగతి చెబితే విని, గౌండ్ల ముసలమ్మ చిన్నకొడుకు ఆ రోజు బడి దగ్గర ఏమన్నాడో అప్పుడు చెప్పాడు. ఏమీ అనలేదట. బాపు చేతిలోని లిస్టు తీసుకొని, తన తల్లి పేరు ఎక్కడుందో చూపించమని అడిగాడట.